మూడు పూటలా నవ్వు

పళ్ళ మేస్త్రి మనుషుల్ని చిగుళ్ళను బట్టి గుర్తుపట్టేవాడు. ముఖాలతో ఆయనకు పని పడలేదు. ఆయన పనిచేసేది ఒక పళ్ళ ఆస్పత్రిలో, వెనక గదిలో. ముందు గదిలో డాక్టరు రోగి నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీస్తాడు. దాని మీద ఒక నంబరు రాసి వెనక్కి పంపిస్తారు. మేస్త్రి అందులో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక విప్పి, ఆ తెల్లటి చిగుళ్ళ మీద మైనంతో గట్టు కట్టి, అందులో పళ్ళు ఒక్కొక్కటే కూర్చుతాడు. తర్వాత మైనం కరిగించి తీసేసి, దాని చోట గులాబి రంగు ప్లాస్టిక్కు కూరి, ఉడకబెట్టి, గీకి, మెరుగు పెడితే సెట్టు తయారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఆ చుట్టుపక్కల సగం మంది పెద్దవాళ్ళు నమిలేది ఆయన పళ్ళతోనే. వాళ్ళలో ఒక్కరినీ ఆయన ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసింది లేదు.

ఆయన నవ్వేవాడు కాదు. కోపిష్టి అని కాదు, మనసులో ఏదో పెట్టుకున్నాడనీ కాదు. ఎవరైనా జోకు చెబితే చివరిదాకా శ్రద్ధగా విని, అర్థమైందన్నట్టు తల ఊపేవాడు. అర్థం కాలేదేమోనని వాళ్ళు మళ్ళీ విడమరిచి చెప్పేవాళ్ళు. ఆయన మళ్ళీ తల ఊపేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య, తన వంట నచ్చలేదేమో, తన పుట్టింటివాళ్ళు నచ్చలేదేమో అని చాలా బెంగపడింది. రెండేళ్ళు గడిచాక, నచ్చినా అదే ముఖమని తెలిసింది. అప్పటినుంచి నిశ్చింతగా ఉంది.

అందుకే, యాభై మూడో ఏట ఆయన ముఖంలో కుడి సగం పనిచేయడం మానేసినప్పుడు ఇంట్లో ఎవరూ పసిగట్టలేదు.

ఆ పొద్దున ఆయన పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడి పెదవి మూలనుంచి జారి చొక్కా మీద పడ్డాయి. కొళాయి జోరుగా వస్తోందనుకున్నాడు. టీ తాగుతుంటే టీ కూడా అలాగే జారింది. భార్య చొక్కా వైపు చూసింది గానీ ముఖం వైపు చూడలేదు. ఇంకో చొక్కా తెచ్చిచ్చి, ఇదైనా సాయంత్రందాకా ఉంచండి అంది. ఆయన బస్సెక్కి పనిలోకి వెళ్ళాడు. కుడి కంట్లో దుమ్ము పడ్డట్టుంటే కిటికీ పక్కన కూర్చున్నందువల్లే అనుకున్నాడు.

పదకొండింటికి డాక్టరు వెనక గదిలోకి వచ్చి ఒక సెట్టు ఎప్పటికవుతుందని అడిగాడు. డాక్టరు ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. తండ్రి పెట్టిన ఆస్పత్రి, తండ్రితోపాటే వచ్చిన మేస్త్రి. అందుకని గౌరవంగా మాట్లాడతాడు.

"కింద ఫళ్ళు అయిఫోయాయండీ. ఫైవి మిగిలాయి," అన్నాడు మేస్త్రి.

డాక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేస్త్రి గారూ, ఒకసారి నవ్వండి."

"ఎందుకండీ?"

"ముందు నవ్వండి, చెబుతాను."

మేస్త్రి ప్రయత్నించాడు. డాక్టరు దగ్గరగా వచ్చి పరీక్షగా చూసి, "నవ్వుతున్నారా?" అని అడిగాడు. అవునన్నాడు మేస్త్రి. డాక్టరుకి ఏమీ తేలలేదు. కనుబొమలు పైకెత్తమన్నాడు. ఎడమది ఒక్కటే లేచింది. డాక్టరు బయట కూర్చున్న రోగులందర్నీ వదిలేసి, మేస్త్రిని తన కార్లోనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

నరాల డాక్టరమ్మ తాపీ మనిషి. చేతులెత్తించింది, నడిపించింది, వేళ్ళు నొక్కించింది. పక్షవాతం కాదనీ, ముఖాన్ని కదిలించే నరం ఒకవైపు వాచిందనీ, ఇది చాలామందికి నెలల మీద తగ్గిపోతుందనీ చెప్పింది. పనిలో పనిగా బీపీ చూస్తే నూట డెబ్భై దాటింది. అది ఈ నరం వల్ల వచ్చింది కాదు, ఎన్నాళ్ళనుంచో ఉండి ఉంటుంది, మీరు చూపించుకోలేదంతే అంది. అప్పటికి భార్య కూడా వచ్చి పక్కన కూర్చుంది. మాత్రలు, కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు కంటిమీద అంటించుకోవడానికి మెత్తటి టేపు రాసి, చివర్న ఒక అచ్చేసిన కాగితం ఇచ్చింది డాక్టరమ్మ. అందులో ముఖానికి వ్యాయామాలున్నాయి. కనుబొమలు ఎత్తడం, ముక్కు చిట్లించడం, ఈల వేసినట్టు పెదాలు చుట్టడం, పెదవి మూసి నవ్వడం, పళ్ళు కనిపించేలా నవ్వడం. ఒక్కోటి పది సార్లు, రోజుకి మూడు పూటలా, అద్దం ముందు, మెల్లగా.

మేస్త్రి కాగితం మొత్తం చదివాడు. "నవ్వు ఎలా ఉండాలండీ?" అని అడిగాడు.

"బలవంతంగా వద్దు. ఇదివరకు ఎలా నవ్వేవారో అలాగే."

మేస్త్రి భార్య వైపు చూశాడు. భార్యే చెప్పింది.

"ఇదివరకు లేదండీ."

డాక్టరమ్మ తలెత్తి ఇద్దర్నీ చూసి, కాగితం మీద ఇంకేదో రాసుకుంది.

ఆ సాయంత్రమే బావమరిది దిగాడు. భార్యకి తమ్ముడు, నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతాడు, ఆరోగ్యం మీద ఎక్కడ ఏ ముక్క కనిపించినా ఫోన్లో దాచుకుని నలుగురికీ పంపిస్తాడు. ఇన్నేళ్ళుగా ఆయన పంపిన వాటికి బావ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు సాక్షాత్తూ డాక్టరే రాసిచ్చిందనేసరికి ఆయనకి పట్టపగ్గాల్లేవు. నవ్వితే బీపీ తగ్గుతుంది బావా, గుండె తేలికవుతుంది, నొప్పులు తెలియవు, జలుబు దగ్గరికి రాదు, ఆయుష్షు ఏడేళ్ళు పెరుగుతుంది అని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఏడేళ్ళని ఎవరు కొలిచారని అడిగాడు మేస్త్రి. కొలిచిన మనిషి నంబరు తన దగ్గర లేదన్నాడు బావమరిది.

మరుసటి వారం భార్య ఈ జాబితా అంతా డాక్టరమ్మకి అప్పజెప్పింది. డాక్టరమ్మ ఓపిగ్గా విని, నవ్వితే మనసు తేలికపడే మాట నిజమేననీ, ఒంట్లో బిగువు కాస్త సడలుతుందనీ, మిగతావాటికి తాను పూచీ పడలేననీ, బీపీకి మాత్రం మాత్రలు మానకుండా ఉప్పు తగ్గించమనీ చెప్పింది. భార్య ఆ పూటనుంచే ఉప్పు డబ్బాని పై అరలోకి ఎక్కించింది.

మేస్త్రి అప్పజెప్పిన పని ఎగ్గొట్టే మనిషి కాదు. పొద్దున స్నానాల గదిలో అద్దం ముందు, మధ్యాహ్నం వెనక గదిలో, సాయంత్రం మళ్ళీ ఇంట్లో. తలుపు వేసుకుని ఒక్కో నవ్వూ పదిసార్లు నవ్వి బయటికొచ్చేవాడు. పళ్ళ మధ్య దూరాలు కొలిచే పనిముట్టుతో పెదవి మూలలు కొలుచుకునేవాడు. ఎడమవైపు పదకొండు మిల్లీమీటర్లు లేచేది. కుడివైపు సున్నా. సున్నా అనే రాసుకునేవాడు.

ఇలా ఒంటరిగా నవ్వితే లాభం లేదని బావమరిది ఆయన్ని పొద్దున్నే పార్కులో నవ్వుల బృందానికి తీసుకెళ్ళాడు. అక్కడ పాతికమంది చేతులు పైకెత్తి, పొట్టలు కదిలేలా నవ్వుతున్నారు. మేస్త్రి వెనక వరసలో నిలబడి పది నవ్వులు నవ్వి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాయకుడు దగ్గరికొచ్చి, ఏం సార్ ఆగిపోయారు అని అడిగాడు.

"నాకు ఫదే రాశారండీ."

రెండో రోజు మేస్త్రిని తీసుకెళ్ళడానికి బావమరిది రాలేదు.

అయిదు వారాలు గడిచాయి. మాట కాస్త తేరుకుంది, కన్ను మూసుకోవడం మొదలైంది. పెదవి మూల మాత్రం సున్నా దగ్గరే ఉంది. ఆ రోజుల్లోనే, అందరూ ఆపరేటరమ్మ అని పిలిచే ఒక పెద్దావిడ తన సెట్టుని నాలుగోసారి వెనక్కి తెచ్చింది.

ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయింది. సెట్టు వదులుగా ఉందా అంటే లేదంది. ఒరుసుకుంటోందా అంటే లేదంది. నమలగలుగుతున్నారా అంటే బ్రహ్మాండంగా నములుతున్నానంది. మరేమిటమ్మా అంటే, ఇది నేను కాదంది. డాక్టరు మూడుసార్లు అక్కడా ఇక్కడా గీకి ఇచ్చాడు. నాలుగోసారికి ఆయన ఓపిక అడుగంటింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్నడూ జరగని పని చేశాడు. రోగిని వెనక గదిలోకి పంపాడు.

ఆవిడ ప్లాస్టరు దుమ్ము చేత్తో దులిపి, స్టూలు మీద కూర్చుని, చుట్టూ అరల్లో వరసగా ఉన్న తెల్లటి నోళ్ళని చూసింది.

"ఇవి చేసింది నువ్వేనా బాబూ?"

"అవునమ్మా."

"చక్కగా ఉన్నాయి. నావి ఎప్పుడూ ఇంత చక్కగా లేవు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. వేరే ఊళ్ళో ఆవిడకి ఒక చెల్లెలుంది. చూపు పోయి ఆరేళ్ళయింది. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి అక్క ఫోన్ చేస్తుంది, చెల్లెలు ఆ ఫోన్ కోసం కాచుకుని ఉంటుంది. ఎక్స్‌ఛేంజిలో చేరిన మొదటి రోజే సూపర్‌వైజరు చెప్పిందట, నవ్వుతూ మాట్లాడండే, అవతలివాళ్ళకి కనిపించదు గానీ వినిపిస్తుంది అని. అలా ముప్ఫై నాలుగేళ్ళు గోడ వైపు తిరిగి నవ్వుతూ మాట్లాడింది. ఈ పళ్ళు పెట్టుకున్న దగ్గర్నుంచి ఆ నవ్వు వినిపించడం లేదు. చెల్లెలు ఎండ, వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి, ఉంటానండీ అని పెట్టేస్తోంది. సొంత అక్కని అండీ అంటోంది.

మేస్త్రి చేతిలో పనిముట్టు పక్కన పెట్టాడు. ఒకసారి నవ్వండమ్మా, పళ్ళు ఎలా కనిపిస్తున్నాయో చూస్తాను అన్నాడు. ఆవిడ పెదాలు బిగించుకుంది. నువ్వు నవ్వి చూపించు, నేనూ నవ్వుతానంది. ఎలాగూ మధ్యాహ్నం పూట లెక్క ఇంకా మిగిలే ఉంది కాబట్టి ఆయన నవ్వాడు.

ఆవిడ చాలాసేపు చూసింది.

"వెక్కిరిస్తున్నావా?"

"లేదమ్మా. నరం వాచింది. ఇంతవరకే వస్తుంది."

"పోనీ, అంతకుముందు?"

"అంతకుముందు ఇది కూడా లేదమ్మా."

ఆవిడ స్టూలు జరుపుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ముఖంతో కుస్తీ పడితే నవ్వు రాదు, గొంతులోంచి లాగాలి, నేను చూడను గానీ 'హలో' అను అంది. ఆయన అన్నాడు. రాలేదంది. మళ్ళీ అన్నాడు. చెత్తబుట్టతో మాట్లాడుతున్నట్టు ఉందంది. నీకిష్టమైన మనిషి చాలా రోజులకి ఫోన్ చేశారనుకో, అప్పుడెలా అంటావో అలా అనమంది. ఆయన కాసేపు ఆలోచించి, తనకి చాలా రోజులకి ఫోన్ చేసే మనుషులెవరూ లేరనీ, ఇష్టమైన మనిషి ఇంట్లోనే ఉంటుందనీ చెప్పాడు. సరే, ఆవిడే చేసిందనుకో అంది ఆపరేటరమ్మ.

ఫోనే లేని వెనక గదిలోంచి వరసగా హలోలు వినిపిస్తుంటే ముందు గదిలో పేర్లు రాసుకునే అమ్మాయి వచ్చి తొంగిచూసి వెళ్ళింది. పదమూడో హలోకి ఆపరేటరమ్మ చెయ్యెత్తింది.

"ఇదీ. ఇది కొంచెం వినిపించింది."

మేస్త్రికి కుడి చెంపలో దోమ వాలినట్టు ఏదో కదిలింది. చెయ్యి పెట్టి చూసుకున్నాడు. దోమ లేదు.

ఇప్పుడు మీ వంతమ్మా అన్నాడు. ఆవిడ ఇటు తిరిగి 'హలో' అంది, నవ్వుతూ. అప్పుడు చూశాడాయన. ఆవిడ పై పెదవి సమంగా లేవదు. ఎడమవైపు ఎక్కువ లేస్తుంది. అక్కడ ఒక పన్ను కోసం వెతుక్కుంటున్నట్టు ఆగుతుంది. తాను ఆ పళ్ళని ప్లాస్టరు అచ్చు చూసి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా కూర్చాడు. ప్లాస్టరుకి పెదవి ఉండదు.

పాత ఫోటో ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. మర్నాడు ఆవిడ ఎక్స్‌ఛేంజి రోజులది ఒకటి తెచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్లతో వరసగా పన్నెండుమంది ఆడవాళ్ళు. మూడో ఆవిడ మాత్రం ఫోటో సంగతే మరచిపోయి పక్కకి తిరిగి నవ్వుతోంది. ఎడమవైపు ముందు పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది, దాని పక్కన సన్నటి సందు. మేస్త్రి భూతద్దం పెట్టి అరగంట చూశాడు.

వంకర పళ్ళు పెడతానంటే డాక్టరు ఒప్పుకోలేదు. మన దగ్గరికి వచ్చేదే తిన్నటి పళ్ళ కోసం కదా, నలుగురూ చూస్తే ఆస్పత్రి పరువేం కావాలి అన్నాడు. మేస్త్రి వాదించే మనిషి కాదు. మైనంలో పెట్టి చూపిస్తాను, బాగా లేకపోతే తీసేద్దాం అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఏదైనా అడగడం అదే మొదలు కాబట్టి డాక్టరు సరేనన్నాడు.

మూడు రోజులు పట్టింది. ఆ పన్నుని ఒక్క పిసరు తిప్పేవాడు. ఆవిడ పెట్టుకుని గోడకి 'హలో' చెప్పేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. 'స' అన్నప్పుడు ఈల వస్తుంటే అంగిలి వైపు మైనం పల్చగా గీకాడు. సందు అగ్గిపుల్ల మందం పెడితే ఎక్కువైంది, అందులో సగం చేశాడు. మూడో రోజు ఆవిడ 'హలో' అనగానే ఆయన కళ్ళు తెరిచాడు. ఆవిడ లేచి ముందు గదిలోకి వెళ్ళింది.

తొమ్మిదిన్నరవుతోంది. ఆస్పత్రి ఫోన్ లోంచే చెల్లెలికి నంబరు కలిపింది. డాక్టరు, పేర్లు రాసుకునే అమ్మాయి, దవడ పట్టుకుని కూర్చున్న ఇద్దరు రోగులు, గుమ్మంలో మేస్త్రి.

"హలో," అంది ఆపరేటరమ్మ.

రిసీవరు చీల్చుకుని ఒక గొంతు బయటికొచ్చింది. మాటలు తెలియలేదు గానీ తిట్లని మాత్రం అందరికీ తెలిసింది. ఆపరేటరమ్మ రిసీవరు చెవికి కొంచెం ఎడంగా పట్టుకుని వింది.

"నేనేనే... ఎక్కడికీ పోలేదు... లేదే, ఊళ్ళోనే ఉన్నా."

రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి అందరి వైపూ తిరిగింది.

"నెల రోజులుగా ఎవరో ఆవిణ్ణి పెట్టి ఫోన్ చేయిస్తున్నావేమిటే అని తిడుతోంది. ఆవిడెవరో గానీ మహా కోపిష్టిదట. ఏమైనా అంటే విరుచుకుపడుతుందని మర్యాదగా మాట్లాడిందట."

అప్పుడు మేస్త్రి నవ్వాడు. ఎవరూ రాసివ్వని నవ్వు, లెక్కలోకి రానిది. ఎడమ మూల లేచింది, దాని వెనకే కుడి మూల కూడా కొంచెం లేచింది. దాంతోపాటు కుడి కన్ను టక్కున మూసుకుంది.

"ఏం బాబూ, కన్ను కొడుతున్నావు?" అంది ఆపరేటరమ్మ.

మేస్త్రి బిత్తరపోయి, లేదమ్మా, క్షమించండి అన్నాడు. సంజాయిషీ చెప్పబోతే పెదవి కదిలి కన్ను మళ్ళీ మూసుకుంది. దవడ పట్టుకున్న రోగుల్లో ఒకాయన నొప్పి మరచిపోయి నవ్వాడు.

నరాల డాక్టరమ్మ దగ్గరికి పరిగెడితే, కోలుకునేటప్పుడు నరంలో పోగులు కొన్ని దారి తప్పుతాయనీ, పెదవికి వెళ్ళాల్సింది ఒకటి కంటికి వెళ్ళి ఉంటుందనీ, అందుకే పెదవి నవ్వితే కన్ను మూసుకుంటోందనీ, కొందరికి ఇలా ఉండిపోతుందనీ చెప్పింది. ఆపరేటరమ్మకి ఇది తెలిసి, దానికింత వివరం ఎందుకు, క్రాస్ కనెక్షన్ అంటారు, మా దగ్గర రోజుకి నాలుగు వచ్చేవి అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేస్త్రి భార్యకి చెల్లెలి తిట్ల సంగతి చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి పెదవి లేచింది, కన్ను మూసుకుంది. ఆవిడ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన అలాంటి పని చేసింది లేదు. నరం సంగతి ఆయన మొత్తం వివరించాడు. అంతా విని, ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. లోపల్నుంచి దగ్గులాంటి చప్పుడు వస్తుంటే మేస్త్రి వెళ్ళి చూశాడు. ఆవిడ పొయ్యి గట్టు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

మూడో నెల బీపీ చూస్తే నూట ముప్ఫై ఆరుకి దిగింది. నవ్వు వల్లేనని బావమరిది పదిమందికి సందేశం పంపించాడు. మాత్రల వల్లంది డాక్టరమ్మ. ఉప్పు సంగతి ఎవరూ తలవలేదేమని భార్య నొచ్చుకుంది. మేస్త్రిని అడిగితే, సాయంత్రానికి మెడ పట్టేసేది, ఇప్పుడు పట్టడం లేదు, నాకు తెలిసింది అంతే అన్నాడు. కన్ను మూసుకోవడం పోగొట్టుకోవడానికి డాక్టరమ్మ ఇంకో కాగితం ఇచ్చింది. భార్య దాన్ని ఎక్కడో భద్రంగా పెట్టింది. ఎక్కడ పెట్టిందో ఇంతవరకూ గుర్తురాలేదు.

ఇబ్బందులూ లేకపోలేదు. బస్సులో ఎవరైనా చోటిస్తే కృతజ్ఞతగా నవ్వడానికి లేదు. ఆడవాళ్ళ సీట్ల వైపు ఆయన అసలు తల తిప్పడు. ఒకసారి బ్యాంకులో మేనేజరుకి కన్ను కొట్టి, ఆ తర్వాత పావుగంట నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆస్పత్రిలో మాత్రం ఆయన స్టూలు ముందు గదికి మారింది. ఇప్పుడు మైనం సెట్టు ఎవరికి పెట్టి చూసినా మేస్త్రి ఎదురుగా ఉండాల్సిందే. కొత్తవాళ్ళకి ముందే చెబుతాడు, నాకు నవ్వితే కన్ను మూసుకుంటుందండీ, అదొక నరం ఇబ్బంది, ఏమీ అనుకోకండి అని. ఆ చెప్పే తీరుకి, ఆ ముఖానికి, చాలామంది అక్కడే నవ్వేస్తారు. ఆయన వెంటనే వంగి పెదవి ఎటు లేస్తోందో చూసుకుని పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాడు.

కిందటి నెలనుంచి ఒక రిటైరైన జడ్జిగారు వస్తున్నారు. పైసెట్టు, కిందిసెట్టు రెండూ. మేస్త్రి నరం సంగతి చెబితే ఆయన చివరిదాకా శ్రద్ధగా విని, అర్థమైందన్నట్టు తల ఊపారు. రెండోసారి వచ్చినప్పుడూ అంతే. ఇక ఆగనక్కర్లేదు, ఉడకబెట్టేయండి అని డాక్టరు తొందరపెడుతున్నాడు. మేస్త్రి ససేమిరా అన్నాడు. జడ్జిగారికి మళ్ళీ గురువారం రమ్మని చెప్పి పంపించాడు.